వ్యాపారి కూడా కాపరే
వ్యాపారంలో మళ్ళీ మళ్ళీ జరిగే తప్పులు – ఇస్లాం నేర్పే నాయకత్వం



నాయకుడు అనగానే మనకు వేదికలు, పూలదండలు, పెద్ద పెద్ద పదవులు గుర్తుకొస్తాయి. కాని ఇస్లాం దృష్టిలో నాయకత్వం ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది. మనలో ప్రతి ఒక్కరూ కాపరేనని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ అల్లాహ్ ముందు సమాధానం చెప్పుకోవాల్సి ఉంటుందని మహాప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అందులో పాలకుని ప్రస్తావనతో పాటు ఇంటి యజమాని, ఇల్లాలు, చివరకు యజమాని సొమ్మును చూసుకునే సేవకుని ప్రస్తావన కూడా ఉంది.

ఈ లెక్కన ఇద్దరు కుర్రాళ్ళను పెట్టుకుని మెకానిక్ షెడ్డు నడిపేవాడూ నాయకుడే. బట్టల దుకాణం, పండ్ల మండీ, కిరాణా కొట్టు, బేకరీ, గాజుల వ్యాపారం ఏది నడిపినా, గల్లా ముందు కూర్చున్నవాడు ఒక మందకు కాపరే. పనివాళ్ళు, భాగస్వాములు, అప్పిచ్చినవారు, సరుకు కొనేవారు, ఇంట్లో ఆ సంపాదన తినే పిల్లలు అందరూ ఆ మందలోని వారే. అతను తప్పటడుగు వేస్తే నష్టపోయేది అతనొక్కడే కాదు.

మరో సంగతి గమనించండి. వ్యాపారులు చేసే తప్పులు కొత్తవి కావు. సరుకులు మారాయి, తూకం యంత్రాలు మారాయి, డబ్బు ఫోనులోంచి చెల్లించే కాలం వచ్చింది. తప్పులు మాత్రం అవే. వేల ఏళ్ళ క్రితం జాతులు చేసిన తప్పులనే మన వీధిలోని దుకాణం కూడా చేస్తోంది. దివ్య ఖుర్‌ఆన్ పూర్వజాతుల గాథలను పదేపదే చెప్పడంలోని పరమార్థం కూడా ఇదే. వాటిలో ముఖ్యమైన కొన్నింటిని ఇక్కడ చూద్దాం.

మొదటి తప్పు: నమాజు వేరు, దుకాణం వేరు అనుకోవడం

హజ్రత్ షుఐబ్ (అలై) మద్‌యన్ ప్రజల వద్దకు ప్రవక్తగా వచ్చారు. వారు వ్యాపారంలో ఆరితేరినవారు. ఒక్క అల్లాహ్‌నే ఆరాధించండి అన్న పిలుపు తర్వాత ఆయన వారికి ఇచ్చిన మొట్టమొదటి ఆదేశం కొలతలు, తూనికలకు సంబంధించినదే. దానికి వారిచ్చిన సమాధానాన్ని దివ్య ఖుర్‌ఆన్ 11వ సూరా 'హూద్' 87వ ఆయతు మనకు తెలియజేస్తుంది. మా సొమ్మును మా ఇష్టం వచ్చినట్లు వాడుకోకూడదని నీ నమాజు నీకు చెబుతోందా అని వారు ఎగతాళి చేశారు.

సోదరులారా! ఈ మాట ఎంత పాతదో అంత కొత్తది. మసీదులో మొదటి వరుసలో నిలబడి, బయటికొచ్చాక 'హజ్రత్, ఇది వ్యాపారం, ఇక్కడ ఇవన్నీ కుదరవు' అనేవారు మనలో లేరా? నోటితో అనకపోయినా చేతితో అదే చెబుతున్నవారు లేరా? షుఐబ్ (అలై) జాతి నమాజును ఎగతాళి చేసింది. మనం నమాజు చదువుతూనే, దాన్ని దుకాణం గుమ్మం దాటి లోపలికి రానివ్వడం లేదు. ఫలితంలో తేడా ఎంత ఉంటుందో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో, ధర్మజ్ఞానం లేనివాడు మన బజారులో వ్యాపారం చేయరాదని హెచ్చరించినట్లు తిర్మిజీలో ఉంది. ఏది హలాలో, ఏది వడ్డీయో, ఏ షరతు ఒప్పందాన్ని చెడగొడుతుందో తెలియనివాడు తాను మునగడమే కాక బజారునంతా ముంచుతాడు. కనుక నమాజు మసాయిలు నేర్చుకున్నట్లే కొనుగోలు అమ్మకాల మసాయిలు కూడా నేర్చుకోవడం వ్యాపారి బాధ్యత.

రెండవ తప్పు: లోపాన్ని కుప్ప అడుగున దాచడం

ఒకసారి దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళ్తూ అందులో చెయ్యి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని వర్తకుడు సమాధానమిచ్చాడు. జనానికి కనబడేలా తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) మందలించి, మోసం చేసేవాడికి మాతో సంబంధం లేదని స్పష్టం చేశారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

గమనించండి! ధాన్యం తడవడం ఆ వర్తకుని నేరం కాదు. వాన అల్లాహ్ ఆజ్ఞతో కురిసింది. నేరం ఎక్కడ జరిగిందంటే, తడిని పొడి కింద కప్పడంలో. వ్యాపారంలో నష్టం రావడం పాపం కాదు, నష్టాన్ని దాచి లాభంగా చూపడమే పాపం.

మన హైదరాబాదులోనే జరిగిన ఒక ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ తమ కంపెనీ లెక్కల్లో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని స్వయంగా ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. నిజమైన లాభానికీ, పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట్లో చిన్న తేడాయే ఉండేదని, ఏళ్ళు గడిచేకొద్దీ అది అదుపు తప్పిందని అందులోనే వివరించారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయననూ, మరికొందరినీ దోషులుగా తేల్చింది. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్ళిందంటే ఇదే. మొదటి ఏడాదే తడిసిన గింజలను పైన పెట్టి ఉంటే ఒక్క ఏడాది పేరు తగ్గేదేమో. దాచినందువల్ల వేలాది ఉద్యోగులకు నిద్ర కరువైంది, వాటాలు కొన్న సామాన్యులు నష్టపోయారు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఆదర్శం ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మ) జీవితంలో కనిపిస్తుంది. ఆయన కూఫాలో పేరున్న బట్టల వ్యాపారి. ఒకసారి భాగస్వామికి సరుకు అప్పగిస్తూ, ఫలానా బట్టలో లోపం ఉంది, అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించమని చెప్పారు. భాగస్వామి మరచిపోయి అమ్మేశాడు. కొన్నదెవరో కూడా గుర్తు లేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మునంతా దానం చేసేశారు. మరచిపోయింది తాను కాదు, అయినా బాధ్యత తనదేనని భావించారు. కింది మనిషి పొరపాటును తన లెక్కలో వేసుకోవడం నాయకుని లక్షణం. 'మా కుర్రాడు చేశాడు, నాకేం తెలుసు' అనడం నాయకత్వం కాదు.

మూడవ తప్పు: నోటి మాట మీద నడపడం

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు ఏది? నమాజు గురించా? హజ్ గురించా? కాదు. అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించి! రెండవ సూరా 'అల్ బఖరా' 282వ ఆయతులో గడువు పెట్టి చేసే అప్పును రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకూడదని అల్లాహ్ ఆదేశించాడు.

మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? అన్నదమ్ములు కలిసి దుకాణం పెడతారు. 'మన మధ్య కాగితాలేమిటి, భాయీజాన్?' అంటారు. పెద్దవాడు పెట్టుబడి పెడతాడు, చిన్నవాడు పొద్దస్తమానం కూర్చుని కష్టపడతాడు. లాభంలో ఎవరికెంతో మాట్లాడుకోరు. పదేళ్ళు గడుస్తాయి, పెళ్ళిళ్ళవుతాయి, పిల్లలు పెద్దవుతారు. అప్పుడు ఒకరు పెట్టుబడి నాది అంటారు, మరొకరు చెమట నాది అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. కాని రాసుకున్న కాగితం లేదు కనుక పంచాయితీ పెద్దలకు కూడా దారి దొరకదు. చివరకు ఈద్ రోజున కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోని స్థితి వస్తుంది. రాసుకోవడం అనుమానానికి గుర్తు కాదు, బంధుత్వానికి కాపలా.

ఇంతకంటే పెద్ద అన్యాయం తండ్రి మరణించాక జరుగుతుంది. దుకాణం కొడుకుల చేతిలో అలాగే నడుస్తుంది. నాలుగవ సూరా 'అన్నిసా' 11వ ఆయతులో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన ఆడపడుచుల వాటా మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. 'పెళ్ళిలో ఇచ్చాం కదా' అని సరిపెడతారు. పెళ్ళిలో ఇచ్చింది వారసత్వం కాదు. తండ్రి కన్నుమూసిన క్షణం నుంచే ఆ దుకాణంలో తల్లికీ, అక్కచెల్లెళ్ళకూ హక్కు ఏర్పడింది. దాన్ని పంచకుండా, వారి మనస్ఫూర్తి అనుమతి లేకుండా వాడుకుంటే అది ఇతరుల సొమ్ము తినడమే.

హజ్రత్ జుబైర్ బిన్ అవామ్ (రజి) ఉదంతం చూడండి. జనం ఆయన వద్దకు తమ సొమ్మును అమానతుగా దాచుకోవడానికి తెచ్చేవారు. అమానతు వద్దు, అప్పుగా ఇవ్వండి అనేవారాయన. ఎందుకంటే దాచుకున్న సొమ్ము తన నిర్లక్ష్యం లేకుండా పోతే తిరిగి చెల్లించాల్సిన బాధ్యత ఉండదు. అప్పయితే ఏం జరిగినా తీర్చాల్సిందే. జనం సొమ్ము పోకూడదని బరువును తన మెడకు తగిలించుకున్నారు. హిజ్రీ 36లో జమల్ యుద్ధం రోజున కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ను పిలిచి, నా అప్పు గురించే నా దిగులంతా అని చెప్పి, తీర్చే విధానం అప్పగించి మరీ వెళ్ళారు. లెక్క చూస్తే 22 లక్షలు తేలింది. అబ్దుల్లాహ్ (రజి) ఆస్తులు అమ్మి అప్పు తీర్చారు. మిగిలింది పంచమని వారసులు అడిగితే ఒప్పుకోలేదు. నాలుగేళ్ళపాటు హజ్ సమయంలో, జుబైర్‌పై ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి తీసుకోండని ప్రకటన చేయించి, ఆ తర్వాతే పంచారు. ఈ వివరాలు సహీహ్ బుఖారీలో ఉన్నాయి.

ఈ రాత్రే మనలో ఎవరికైనా పిలుపు వస్తే, మన బాకీల లెక్క మన కుమారుడికి తెలుసా? మన భార్యకు తెలుసా? అప్పు తీరకుండా, తీర్చడానికి ఏమీ మిగల్చకుండా చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ఒక సందర్భంలో ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాది అని బాధ్యత తీసుకున్నాకే నమాజు చేయించారు. ఈ ఒక్క సంఘటన చాలు మన కళ్ళు తెరిపించడానికి.

నాలుగవ తప్పు: పరుల సొమ్ముతో పెద్దరికం

2019 జూన్‌లో బెంగుళూరులో హలాల్ లాభాల పేరిట జనం నుంచి పెట్టుబడులు సేకరించిన ఒక సంస్థ కుప్పకూలింది. యజమాని విదేశానికి వెళ్ళిపోయాడు, జూలైలో తిరిగివచ్చి అరెస్టయ్యాడు. వేలాది కుటుంబాలు ఫిర్యాదులు పట్టుకుని బారులు తీరాయి. వారిలో అత్యధికులు మన సోదర సోదరీమణులే. కూతురి పెళ్ళికి దాచిన సొమ్ము, గల్ఫ్‌లో చెమటోడ్చిన సంపాదన, ఉద్యోగ విరమణలో వచ్చిన డబ్బు అందులో పోశారు.

ఇక్కడ రెండు వైపులా పాఠం ఉంది. సొమ్ము పెట్టేవారు షరీఅతులోని ఒక చిన్న సూత్రం తెలుసుకుని ఉండాలి. ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ కలిసే ఒప్పందాన్ని ముదారబా అంటారు. అందులో లాభాన్ని సగం, మూడో వంతు వంటి నిష్పత్తిలో ముందే నిర్ణయించుకోవాలి. నష్టం వస్తే, పనిచేసేవాడి నిర్లక్ష్యమో మోసమో లేనంతవరకు, అది పెట్టుబడిదారునిదే. అసలుకు హామీ ఇచ్చి, నెలనెలా ఇంత ఇస్తానని ఖాయం చేస్తే అది ముదారబా కాదు, వడ్డీయే. సంస్థ బోర్డు మీద హలాల్ అని రాసినంత మాత్రాన, యజమాని గడ్డం పొడవుగా ఉన్నంత మాత్రాన వడ్డీ హలాల్ అయిపోదు. సొమ్ము ఏ వ్యాపారంలో పెడుతున్నారు, లెక్కలు ఎవరు చూస్తారు, చట్టప్రకారం అనుమతి ఉందా అని అడగడం దైవం మీద నమ్మకం లేకపోవడం కాదు. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని పాటించడమే.

ఇక సొమ్ము తీసుకునేవారికి హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఆదర్శం చాలు. ఆయన బట్టల వ్యాపారి. ఖలీఫాగా ఎన్నికయ్యాక కూడా భుజాన బట్టలు వేసుకుని బజారుకు బయలుదేరారు. హజ్రత్ ఉమర్ (రజి), అబూ ఉబైదా (రజి) అడ్డుకుని, ప్రజల పనులు చూసుకోవాలి కనుక బైతుల్‌మాల్ నుంచి ఇంటి ఖర్చుకు సరిపడా భత్యం ఖాయం చేయించారు. ఖలీఫాకే ఇంత అని హద్దు ఉంది! మనం మాత్రం గల్లా పెట్టెనూ, జేబునూ ఒకటి చేసేస్తాం. అప్పు తెచ్చిన సరుకు అమ్మిన డబ్బుతో కారు కొంటాం, వలీమాలో నాలుగు రకాల బిర్యానీ వడ్డిస్తాం. గల్లాలో ఉన్నదంతా లాభం కాదు. అందులో సరుకు ఇచ్చినవాడి బాకీ ఉంది, పనివాడి జీతం ఉంది, పేదవాడి జకాతు ఉంది. యజమాని కూడా తనకంటూ నెలకు ఇంత అని ఖాయం చేసుకుని తీసుకుంటేనే దుకాణం నిలబడుతుంది.

ఐదవ తప్పు: పనివాని కూలి ఆపడం

ప్రళయదినాన తాను స్వయంగా ముగ్గురికి ప్రతివాదిగా నిలబడతానని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసె ఖుద్సీలో ఉంది. వారిలో ఒకడు, పనివాడి చేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడు. అల్లాహ్ ఎదుటి పక్షాన నిలబడితే ఇక మన తరఫున వాదించేదెవరు?

గుహలో చిక్కుకున్న ముగ్గురి గాథ మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. బండరాయి గుహ ముఖద్వారాన్ని మూసేసినప్పుడు, వారిలో మూడవ వ్యక్తి తన దుఆలో చెప్పుకున్న సత్కార్యం ఒక యజమాని చేసినదే. కూలి తీసుకోకుండా వెళ్ళిపోయిన పనివాడి సొమ్మును అతను పెట్టుబడిగా పెట్టి పెంచాడు. ఎన్నాళ్ళకో ఆ పనివాడు తిరిగివచ్చి అడిగితే, పశువుల మందలన్నీ చూపించి ఇదంతా నీదేనన్నాడు. పనివాడు నమ్మలేక, నాతో పరిహాసమాడకయ్యా అన్నాడు. రాయి పూర్తిగా తొలిగింది ఈ దుఆతోనే! ఇతరుల కూలిని కాపాడినవాడికి అల్లాహ్ దారి తెరిచాడు. కూలి ఆపేవాడు తన దారికి తానే రాయి అడ్డం పెట్టుకుంటున్నాడు.

ఆరవ తప్పు: అన్నీ నాకే తెలుసనుకోవడం

హిజ్రీ 3లో ఉహుద్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) సహచరులతో సంప్రదించారు. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ఆయన మొగ్గు. బయటికి వెళ్దామని ఎక్కువమంది ఉత్సాహపడితే ఆ సలహాకే విలువిచ్చారు. యుద్ధంలో కొండపై నిలిపిన విలుకాండ్రు తమ చోటు వదిలేశారు. సుమారు 70 మంది సహాబాలు అమరులయ్యారు. ఆ తర్వాత అవతరించిన 'ఆలి ఇమ్రాన్' సూరా 159వ ఆయతులో అల్లాహ్ ఏమని ఆదేశించాడు? ఇక వారి మాట వినవద్దనా? కాదు. వారిని మన్నించమని, వారి కోసం క్షమాపణ వేడమని, వ్యవహారాల్లో వారితో సంప్రదిస్తూనే ఉండమని ఆదేశించాడు. ప్రవక్త (స) కఠినంగా, బండమనసుతో ఉండి ఉంటే వారంతా ఆయన చుట్టూ నుంచి చెదిరిపోయేవారని కూడా అందులోనే తెలిపాడు.

మన దుకాణంలో ఒక గాజు సీసా పగిలితే పదిమందిలో కుర్రాణ్ణి తిడతాం. తిట్లకు భయపడే కుర్రాడు రేపు పెద్ద నష్టం జరిగినా చెప్పడు, దాచేస్తాడు. అంటే ధాన్యాన్ని కుప్ప అడుగున దాచడం అతనికి నేర్పింది మనమే! అలాగే లెక్కలు చూసే మనిషి పన్ను కట్టాల్సిన గడువు గుర్తు చేస్తే విసుక్కుంటాం. కొడుకు కొత్త పద్ధతి చెబితే 'నీ వయసెంత, నా అనుభవమెంత' అంటాం. దైవదౌత్యం పొందిన మహనీయుడే సలహా అడిగితే, మనకు అక్కర్లేదా?

మరి మార్గమేమిటి?

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కట్టుబట్టలతో మదీనా చేరారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ ఇచ్చి, బజారుకు దారి చూపిస్తే చాలన్నారు. వెన్న, నెయ్యి వంటివి అమ్మి మొదలుపెట్టారు. చిన్నగా మొదలుపెట్టి, నిజాయితీగా నడిపి, గొప్ప సంపన్నుడై, అల్లాహ్ మార్గంలో విరివిగా ఖర్చు పెట్టారు.

కనుక ఈ నెలలోనే ఇంట్లో అందరూ కూర్చుని కొన్ని పనులు మొదలుపెట్టండి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో ఒక పుస్తకంలో రాసి, అది ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. భాగస్వామ్యం ఉంటే వాటాలు రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. తండ్రి ఆస్తి పంచకుండా ఉంటే ఒక ఆలింను సంప్రదించి తల్లికీ, అక్కచెల్లెళ్ళకూ వారి వాటా లెక్కగట్టి ఇవ్వండి. పనివాని జీతానికి తేదీ ఖాయం చేయండి. ఏడాదికోసారి అమ్మకానికున్న సరుకు లెక్కవేసి జకాతు తీయండి. సోదరీమణులారా! భర్త తెచ్చింది ఎంత అని మాత్రమే కాదు, ఎలా తెచ్చారని కూడా అడగండి. ఆ ప్రశ్న అడిగే ఇల్లాలు ఉన్న ఇంట్లో హరామ్ అంత తేలిగ్గా అడుగుపెట్టదు.

చివరిగా ఒక్క మాట. హిజ్రత్ రాత్రి మక్కా అవిశ్వాసులు దైవప్రవక్త (స) ప్రాణం తీయడానికి ఇంటిని చుట్టుముట్టారు. ఆ సమయంలో కూడా అదే మక్కావాసుల అమానతులు ఆయన వద్ద ఉన్నాయి. వాటిని ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. ప్రాణం తీయబోయేవారికి సైతం ఆయన చేతిలో తమ సొమ్ము భద్రంగా ఉంటుందన్న నమ్మకం ఉండేది. మన పొరుగువాడికి, మన భాగస్వామికి, మన ముస్లిమేతర సోదరుడికి మన గల్లా మీద ఆ నమ్మకం ఉందా? అది ఉంటే మన దుకాణమే ఇస్లాం సందేశాన్ని వినిపిస్తుంది. అది లేకపోతే మనమెన్ని ప్రసంగాలు చేసినా వినేవారుండరు.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చెయ్యి, మా వ్యాపారాల్లో శుభాన్ని (బర్కత్) ప్రసాదించు. మాపై ఉన్న అప్పులను మా జీవితకాలంలోనే తీర్చే శక్తినివ్వు. మా చేతుల్లో ఉన్నవారి హక్కులను నెరవేర్చిన తర్వాతే నీ సన్నిధికి చేరే భాగ్యాన్ని మాకు కలుగజెయ్యి. ఆమీన్.